రెండు ముడుల రిబ్బను

రిబ్బను కొట్టు వెనక గది,
బుధవారం

అన్నయ్యా,

కొట్టు మూసేశాను. కంగారు పడకు, కొంప మునిగి కాదు. బోర్డు దింపించి మంచం కిందకి తోయించాను. అమ్మ ముప్ఫై ఏళ్ళు, నేను ఇరవై ఏళ్ళు రిబ్బన్లు కొలిచిన బల్ల మీద ఇప్పుడు ఒక్కదాన్నే కూర్చుని అన్నం తింటున్నాను. కొలతకని అంచున కొట్టిన ఇత్తడి మేకులు కంచానికి తగిలి టంగుమంటున్నాయి. ఇంట్లో అదొక్కటే చప్పుడు.

సర్దుతుంటే అమ్మ బిస్కెట్ల డబ్బా దొరికింది. మిగిలిన ముక్కలు పారెయ్యకుండా దాచేది చూడు, అదే. మూత తీస్తే మన చిన్నతనం అంతా బెత్తెడు బెత్తెడు ముక్కలుగా చుట్టి ఉంది. ఒక్కదాన్నే చూసుకుని ఏం చేసుకోను? అందుకని ఒక పందెం. ఉత్తరానికొక ముక్క పంపిస్తాను. అది ఎక్కడిదో, ఎవరిదో నువ్వు చెప్పాలి. గొప్పలు పోయే జ్ఞాపకశక్తి కదా నీది, చూద్దాం.

ఇక అసలు సంగతి. నా పక్క గదిలో కుట్టు మిషనావిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. "మీ అన్నగారు వస్తానంటే వానలు వెళ్ళేదాకా గది ఆపుతాను. ఆ తర్వాత నన్ననొద్దు" అంది ఇంటావిడ. వచ్చెయ్. వదిన పోయి ఏడేళ్ళయింది. ఆ మేడ గదిలో ఎవరితో మాట్లాడుతున్నావు, టైపు మిషనుతోనా?

చెల్లి

*

గడియారాల కొట్టు పైన గది,
సోమవారం

చెల్లీ,

నేను బాగున్నాను. నువ్వు బాగున్నానని రాయలేదు. రాసి ఉంటే నమ్మేవాణ్ణి కాదులే.

ముక్క అందింది. సాటిను. బొటనవేలంత వెడల్పు. పోగులు లేవకుండా రెండు కొసలూ కొవ్వొత్తి మీద కాల్చి ఉన్నాయి, అది అమ్మ పనితనం. ఒక మూల పంటి గాటుంది, అది నీ పనితనం. లెక్కల క్లాసులో జడ ముందుకి లాక్కుని రిబ్బను నమిలేదానివి. లెక్కల టీచరమ్మ ఇంటికొచ్చి, "మీ పిల్లకి ఇంట్లో తిండి పెట్టడం లేదా అమ్మా?" అనలేదూ? పందెం నెగ్గాను.

రిబ్బను అంటే గుర్తొచ్చింది. మా ఆఫీసు కొత్త భవనానికి రిబ్బను కత్తిరించిన రోజు సంగతి నీకు చెప్పానా? చెప్పే ఉంటాను, మళ్ళీ విను. గుమ్మానికి అడ్డంగా రిబ్బను కట్టారు, పెద్దమనిషి వచ్చాడు, ఫొటోవాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు, కత్తెర మాత్రం లేదు. పళ్ళెం తెచ్చినవాడు కత్తెర మరిచిపోయాడు. అందరూ నా వంక చూశారు. ఎందుకంటే ఏ ఆఫీసులోనైనా, దొరకని వస్తువు టైపిస్టు సొరుగులో ఉంటుందని ఒక నమ్మకం. తప్పుగా పడ్డ అక్షరాలు గీకే బ్లేడు ఒకటుంటే ఇచ్చాను. ఆయన కోశాడు. రంపం లాగినట్టు లాగాడు. రిబ్బను సాగింది గానీ తెగలేదు. అది మన కొట్టు సరుకని నాకొక్కడికే తెలుసు. అమ్మ అమ్మేటప్పుడు, "తెగితే వెనక్కి తెచ్చియ్యండి" అని మరీ అమ్మింది! చివరికి ఆయన నడుం వంచి కిందనుంచి దూరి లోపలికి వెళ్ళాడు. వెనక మేమందరం వరసగా దూరాం. పెద్ద అధికారి మొదలుకుని నీళ్ళ కుండ మోసేవాడి దాకా అందరూ సమానంగా వంగిన రోజు ఆ ఆఫీసులో అదొక్కటే.

గది సంగతి. వద్దు. నాకిక్కడ బాగానే ఉంది. కింద నూట యాభై గడియారాలు, పైన నేను. టైము తెలియడానికి లోటు లేదు, టైము గడవడానికే కాస్త. అయినా నేను రాత్రి గురక పెడతాను. కుట్టు మిషనే నయం అంటావు.

అన్నయ్య

*

రిబ్బను కొట్టు వెనక గది,
శుక్రవారం

అన్నయ్యా,

పందెం నీదే. కానీ ఒకటి. వెడల్పు చెప్పావు, కొసలు చెప్పావు, పంటి గాటు కూడా చెప్పావు. ఎర్రదో నీలందో ఒక్క మాట అనలేదు. రిబ్బన్లమ్మే ఇంట్లో పుట్టినవాడు రంగు మరిచిపోవడం ఇదే చూడటం.

ఇంకోటి. నీ అక్షరాలు జ్వరం పడి లేచినట్టు పాలిపోయాయి. మిషనుకి రిబ్బను మార్చు. ఒత్తులు కొన్ని పక్కింటి అక్షరం కింద కాపురం పెట్టాయి. ముప్ఫై ఏడేళ్ళు తప్పు లేకుండా కొట్టానని మీసం మెలేసే మనిషివి, ఏమిటిది?

ఇక ఎప్పటిలాగే ఉత్తరానికి తెల్ల కాగితం చొక్కా తొడిగావు. ఎండలో పట్టుకుని చూస్తే లోపలి రాత కనబడకుండా పైన ఒక ఖాళీ కాగితం చుట్టాలని నీకెవరు నేర్పారో గానీ, నాకు చీటీలకి లోటు లేదు. సబ్బు, అగ్గిపెట్టె, సూదులు అన్నీ నీ కాగితాల మీదే రాసుకుంటున్నాను.

అమ్మ రిబ్బను ఇంకా గోడకే ఉంది. చూపు పోయాక మంచం నుంచి వంటింటికి, వంటింటి నుంచి కొట్టులోకి మేకులకి కట్టానే, ఆ గరుకు రిబ్బను. మెట్టు దగ్గర ఒక ముడి, గుమ్మం దగ్గర రెండు. స్టవ్వు దగ్గర గుడ్డ ఉండ. "ఇది పట్టుకుంటే ఊరంతా తిరిగొస్తానే" అనేది. మొన్న సున్నం వేసే మనిషి తీసెయ్యనా అంటే వద్దన్నాను. నేను కూడా అప్పుడప్పుడు ఊరికే పట్టుకుని నడుస్తుంటాను. నవ్వకు.

ఈసారి ముక్క నీకు తెలియకపోతే నీ మీద ఒట్టు. చూడగానే పోలుస్తావు.

చెల్లి

*

గడియారాల కొట్టు పైన గది,
మంగళవారం

చెల్లీ,

రిబ్బను మార్చాను. ఇప్పుడు చూడు, అక్షరాలు కాటుక పెట్టుకుని వచ్చినట్టు ఉంటాయి.

ముక్క గుర్తుపట్టాను. అర అంగుళం నూలు రిబ్బను, ఉతికి ఉతికి మెత్తబడింది. నల్లది. మా నిరసన రోజుది కదూ? ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చిన ఏడాది టైపిస్టులం పదకొండు మందిమి నల్ల రిబ్బన్లు పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాం. కొనడం ఎందుకు, మన దగ్గర లేనిదా అని మిషన్లలోంచి పాతవి తీసి, కత్తిరించి, చొక్కా చేతులకి కట్టుకున్నాం. ఎండ, చెమట. సిరా కారింది. మధ్యాహ్నానికి అందరి చొక్కాలూ బొగ్గు బస్తాలు. పెద్ద అధికారి రాజీకని వచ్చి ఒక్కొక్కరి భుజం తట్టి, "బాబూ, మీరంతా మా వాళ్ళే" అంటూ అదే చేత్తో తన మొహం తుడుచుకున్నాడు. మొహం మీద నాలుగు వేళ్ళూ పడ్డాయి. ముందు నవ్విందెవరో తెలియదు గానీ, నిరసన నవ్వుతో చెదిరిపోయింది. కంప్యూటర్లు లోపలికి వెళ్ళాయి, మేం బయటికి వచ్చాం. ఆ చొక్కా ఉతికి ఉతికి అమ్మ చేతులు పగిలాయి. రిబ్బను కూడా ఉతికి దాచిందన్నమాట!

నువ్వు గోడ రిబ్బను సంగతి ఎందుకు రాశావో నాకర్థం కాలేదు. దాన్ని తీసెయ్. గోడకి సున్నం వేయించుకో. మనిషి పోయాక ముడులెందుకు?

గది సంగతి మళ్ళీ అడగొద్దు. అది ఎవరికైనా ఇచ్చెయ్యమను.

అన్నయ్య

*

రిబ్బను కొట్టు వెనక గది,
గురువారం

ఈ ఉత్తరం మా అన్నయ్యకి చదివిపెడుతున్న వారికి ముందుగా నమస్కారం. మీరెవరో నాకు తెలియదు. దయచేసి ఒక్క ముక్క కూడా వదలకుండా చదవండి. ఆయన "చాల్లే, తెలుసులే" అంటాడు. ఆగకండి.

అన్నయ్యా,

నేను పంపింది నల్లది కాదు. పసుపుది. చూస్తే కళ్ళు చెదిరేంత పసుపు. నువ్వు మొదటి మిషను కొనుక్కొచ్చిన రోజు దాని పెట్టెకి నేను కట్టిన రిబ్బను. "టైపు మిషనుకి జడేసింది మా చెల్లి" అని వీధి వీధంతా చెప్పుకున్నావు.

అప్పుడే అనుమానం వచ్చింది. రూఢి అయింది మాత్రం చీటీ దగ్గర. నీ ఉత్తరం చొక్కా విప్పి పక్కన పెట్టాను. మర్నాడు ఆ ఖాళీ కాగితం మీద పెన్సిలు వాలుగా పట్టుకుని సబ్బు అని రాయబోతే, పెన్సిలు కింద తెల్లటి అక్షరాలు లేచాయి. వేళ్ళతో తడిమాను. కాగితమంతా గుంటలే. నెమ్మదిగా కాగితం మొత్తం పెన్సిలు రుద్దాను. నువ్వు నాకు పంపాలనుకోని ఉత్తరం అది. ఉన్నదున్నట్టు ఇక్కడ దింపుతున్నాను, పోగొట్టుకున్నదేమిటో నీకు తెలియాలిగా.

"చెల్లీ, ఇవాళ ఆదివారం. పోస్టుమాన్ రాడు, కింద గడియారాల కొట్టు తియ్యరు. ఆదివారాలు నీకు ఉత్తరం తెల్ల చుక్క మీద కొడతాను. మిషను పక్కన చిన్న మీట ఉంటుంది చూడు. ఒక చుక్కకి నలుపు, ఒక చుక్కకి ఎరుపు, నడిమి తెల్ల చుక్కకి పెడితే రిబ్బను పైకి లేవదు. అక్షరం కాగితాన్ని కొడుతుంది, మచ్చ పడదు. అందుకని ఇందులో ఏమైనా చెప్పుకోవచ్చు. కొట్టాక చించేస్తాను. అమ్మ జబ్బే నాకూ వచ్చిందే. అంచుల నుంచి మొదలై నడిమికి వచ్చింది. పోయిన వేసవికి పూర్తయింది. గోడకి రిబ్బను నేనూ కట్టుకున్నాను, మంచం నుంచి కుళాయికి, కుళాయి నుంచి గుమ్మానికి. ముడులు అమ్మ లెక్క ప్రకారమే. రోజుకి నాలుగు సార్లు గుమ్మం దాకా వెళ్ళి వస్తాను, ఎవరూ కొట్టకపోయినా. నువ్వు రమ్మంటే వద్దామనే ఉంది. కానీ పదకొండేళ్ళు అమ్మకి కళ్ళు అయ్యావు. నీ సంబంధాలు, నీ చదువు, నీ వయసు అన్నీ ఆ రిబ్బను వెంబడే మంచానికీ వంటింటికీ మధ్య అయిపోయాయి. ఇంకొక గుడ్డి మనిషిని నీ గుమ్మంలో దింపనా?"

అక్కడితో కాగితం అయిపోయింది.

ఉత్తరానికి చుట్టే కాగితాల్లో ఇది కలిసిపోయింది. ఖాళీ కాగితమనుకుని దీన్నే చుట్టావు. ముప్ఫై ఏడేళ్ళలో నువ్వు చేసిన మంచి తప్పు ఇదొక్కటే.

ఇప్పుడు నేను అడిగేదానికి నలుపు చుక్క మీద జవాబు రాయి. వస్తావా, రావా? వానలు తగ్గుతున్నాయి.

చెల్లి

*

గడియారాల కొట్టు పైన గది,
శనివారం

చెల్లీ,

ఇది నలుపు చుక్క మీదే ఉందని పోస్టుమాన్ చూసి చెప్పాడు. నాకు చదివిపెట్టే మనిషి అతనే. మెట్లెక్కి వచ్చి, సంచీ దింపి, నా స్టూలు మీద కూర్చుని చదువుతాడు. పద్దులు చదివినట్టు ఒకే గొంతుతో చదువుతాడు కాబట్టి నీ వెటకారాలన్నీ నేనే లోపల మళ్ళీ పలుక్కోవాలి.

మొన్న నా ఉత్తరం నాకే చదివాడు. సగంలో ఆగి, "మాస్టారూ, మిగతాది చదవమంటారా? నేను వెళ్ళాక..." అని నాలిక్కరుచుకున్నాడు. తను వెళ్ళాక నేనేం చదువుకుంటాను? "కానియ్యవయ్యా, నాకు తెలిసిన కథే" అన్నాను. చదివి ముక్కు చీదుకున్నాడు. జలుబన్నాడు.

రంగు సంగతి అడుగుతావని తెలుసు. అతన్ని అడిగితే చెప్పేవాడే. అడగడానికి నోరు రాలేదు. ఉత్తరం చదివించుకోవడం వేరు, చదువు రాని మహారాజులు కూడా చదివించుకునేవారు. రిబ్బన్ల కొట్టు కొడుకు రిబ్బను చేత్తో పట్టుకుని "ఇదేం రంగు బాబూ" అని అడగడం వేరు.

రాను చెల్లీ. కారణం ఒకటి తెల్ల చుక్క మీద కూడా కొట్టలేదు. ఇప్పుడు కొడుతున్నాను. అమ్మ ఉన్న చివరి ఏడాది ఒకసారి చెప్పకుండా వచ్చాను. గుమ్మం బయట చెప్పులు విప్పుతుంటే నీ గొంతు వినబడింది. "నాకు విసుగొచ్చిందమ్మా. కాసేపు నన్నొదిలెయ్. ఇంక నావల్ల కాదు" అంటున్నావు. లోపలికి రాలేదు. చెప్పులు వేసుకుని, వీధి చివర టీ తాగి, గంటాగి అప్పుడే వచ్చినట్టు వచ్చాను. నవ్వుతూ తలుపు తీశావు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. ఆ మాట నువ్వు నాతో అనే రోజు వస్తుంది. ఆ రోజు విననట్టు టీకి వెళ్ళిపోలేను, మొహం తిప్పుకున్నా విన్నానని నీకు తెలిసిపోతుంది.

పుస్తకంలో ఆనవాలుకి పెట్టే రిబ్బను ఉంటుందే, ఎక్కడ ఆపామో చెబుతుంది, మిగతాది చదవమని బలవంతం పెట్టదు. మనల్ని అక్కడ ఉండనీ.

అన్నయ్య

*

రిబ్బను కొట్టు వెనక గది,
సోమవారం

అన్నయ్యా,

అన్నాను. ఆ మాట నేను అన్నాను. ఒక్కసారి కాదు, నువ్వు విన్నది ఒక్కసారి. నువ్వు చెప్పులేసుకుని టీకి వెళ్ళిపోయావు కాబట్టి తర్వాత జరిగింది వినలేదు. అమ్మ ఏమందో తెలుసా? "నీకేనా, నాకూ విసుగొచ్చింది. నీ వంట తిని తిని నా నోరు చచ్చిపోయింది. రా, ఇద్దరం కూర్చుని కాసేపు విసుక్కుందాం" అంది. కూర్చున్నాం. నన్ను ఆవిడ తిట్టింది, ఆవిణ్ణి నేను తిట్టాను. వాననీ, దేవుణ్ణీ, ఏడాదికొకసారి చుట్టం చూపుగా వచ్చే నిన్నూ కలిపి తిట్టాం. నిన్ను తిట్టేటప్పుడు ఇద్దరికీ భలే పొత్తు కుదిరింది. నవ్వుతూ ఉండగానే నువ్వు తలుపు కొట్టావు. నీకు గుచ్చుకున్న నవ్వు అది. నిజం నవ్వే.

పదకొండేళ్ళు అరిగిపోయానంటావు. అరిగాను. అబద్ధం ఎందుకు? ఒక సంబంధం తప్పింది, అతని మొహం ఇప్పుడు నాకు గుర్తు కూడా లేదు. కానీ అమ్మ పోయాక ఈ గదిలో నాకు ఏం జరిగిందో నీకెవరు చెప్పారు? కొట్టు ఎందుకు మూశానో అడిగావా నువ్వు? బేరాలు లేక కాదు. ఒక పొద్దున్న కొట్టు తీసి, ఆకుపచ్చ చుట్ట విప్పి, మేకు నుంచి మేకుకి కొలవడం మొదలుపెట్టాను. కొలుస్తూ కొలుస్తూ మాట్లాడుతున్నాను. "రెండు గజాలు చాలా అమ్మా? పిల్ల జడ పొడుగేనా?" మధ్యాహ్నం అయింది. చుట్ట మొత్తం కాళ్ళ దగ్గర కుప్పపడింది. తలెత్తితే ఎదురుగా ఎవరూ లేరు. పొద్దుట్నుంచీ ఎవరూ రాలేదు. ఆ సాయంత్రమే బోర్డు దింపించాను.

విసుక్కోవడానికి కూడా ఒక మనిషి కావాలి అన్నయ్యా. నిన్ను రమ్మంటున్నది నీ కోసం అనుకున్నావు. ఎంత పొగరు నీకు!

నిన్న పక్క గదికి మేకులు కొట్టాను. అమ్మ రిబ్బను చాల్లేదు, ఆ ఆకుపచ్చ చుట్ట తీశాను. వీధి గేటు నుంచి నీ గది, నీ గది నుంచి నా బల్ల. ఒక ముడి మెట్టు, రెండు ముడులు గుమ్మం. బల్ల దగ్గర ముడి వెయ్యలేదు. కంచం చప్పుడు వినబడుతుంది, వస్తావు.

ఇంటావిడ ఒకటో తారీఖు దాకా ఆగుతానంది. ఇంక అడగను. పసుపు ముక్క నీ దగ్గరే ఉంచుకో.

చెల్లి

*

రిబ్బను కొట్టు వెనక గది,
ఇరవై తొమ్మిదో తారీఖు

పోస్టుమాన్ గారికి,

ఈసారి పైన చిరునామా ఆయనదే అయినా ఉత్తరం మీకు. మెట్ల మీదే నిలబడి ఒకసారి మీలో మీరు చదువుకుని, తర్వాత ఆయనకి చదవండి.

ఇవాళ పొద్దున్న అన్నయ్య కవరు వచ్చింది. పల్చగా ఉంది. చుట్టిన తెల్ల కాగితం విప్పితే లోపల ఉత్తరం లేదు. ఆ కాగితాన్ని తడిమి చూశాను, పెన్సిలు రుద్ది చూశాను. నిజంగానే ఖాళీ. మళ్ళీ రాననే కాబోలు, అది చెప్పడానికి మాట కూడా ఖర్చు పెట్టలేదు అనుకుని కవరు దులిపాను. జానెడు గరుకు రిబ్బను ఒళ్ళో పడింది. దాని మీద రెండు ముడులున్నాయి. మేకు చిల్లు కూడా ఉంది. ఆయన గోడ మీద నుంచి కోసిందే అయ్యుంటుంది. మా అమ్మ లెక్కలో రెండు ముడులంటే గుమ్మం. కోసేశాడంటే ఆ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చే పని ఇక ఆయనకి లేదని.

చాలాసేపు ఏడ్చాను. మీరు చదివేటప్పుడు ఇది వదిలెయ్యండి. జలుబు అని చదవండి.

గురువారం పగటి రైలుకి మీరే ఎక్కించాలి, వేరే ఎవరున్నారు ఆయనకి? కిటికీ పక్కన కూర్చోబెట్టండి, గాలి తగలాలి. పక్కవాళ్ళకి ఒక మాట చెప్పి పెట్టండి, కథలు మొదలుపెడితే ఆపడని. ఇకనుంచి మీకు ఆ మెట్లెక్కే పని ఉండదు. రెండు మూడు రోజులు మీ కాళ్ళు అటే లాగుతాయి. నాకు తెలుసు. అప్పుడు మాకొక కార్డు ముక్క రాయండి, నేను చదివి వినిపిస్తాను.

సామానేం అక్కర్లేదు, టైపు మిషను మాత్రం తీసుకురమ్మనండి. స్టేషన్లో నేను దూరం నుంచే పోల్చుకునేలా దాని పెట్టె పిడికి ఆ పసుపు రిబ్బను ముక్క కట్టండి. కట్టేటప్పుడు ఒకసారి ఆయన చేతికిచ్చి, దాని రంగేమిటో చెప్పండి. ఆయన అడగడు. మీరే చెప్పండి.

టైపు మాస్టారి చెల్లెలు